పత్రిక ఒకటే, వంటిళ్ళు రెండు

పోయిన నెల ఎవరికో జవాబు రాస్తూ మాటల్లో మాటగా, న్యూజెర్సీలో ఉన్నప్పుడు మేం అయిదారుగురం కలిసి తెలుగు, ఇంగ్లీషు రెండిట్లో ఓ వెబ్ పత్రిక ఆరేళ్ళు నడిపాం అని ఒక్క లైను రాసా. ఇక చూస్కోండి, దాని పేరేంటి, ఇప్పుడుందా, మేమూ పెట్టాలనుకుంటున్నాం, మా కథ వేస్తారా అని వరసగా మెయిళ్ళు. పత్రిక ఇప్పుడు లేదు, కాబట్టి కథలు నాకు పంపకండి బాబూ. మిగతా ప్రశ్నల్లో కొన్నిటికి ఈ నెల పేజీలన్నీ ఇచ్చేస్తున్నా, ఛందస్సు గురించి అడిగిన ఇద్దరూ వచ్చే నెల దాకా ఆగాలి.

ప్రశ్న: మేడం, మేం నలుగురు ఫ్రెండ్స్‌మి, అందరం ఎంతో కొంత రాస్తాం. మాలాగా దేశం వదిలొచ్చిన తెలుగు రచయితల కోసం ఒక ఆన్‌లైన్ పత్రిక పెడదామని ఉంది. ప్రతి రచనా ఒక పక్క తెలుగులో, ఒక పక్క ఇంగ్లీషులో ఉంటే పిల్లలు కూడా చదువుతారని మా ఆశ. వెబ్‌సైట్ మా ఆయన చేసిపెడతానన్నారు. ఎక్కణ్ణించి మొదలెట్టమంటారు?
ఫ్రిస్కో, టెక్సస్

వెబ్‌సైట్‌ని చివరికి పెట్టుకోండి. అందరూ అక్కడే మొదలెడతారు, లోగో అయిపోతుంది, పైన కూచిపూడి బొమ్మ అయిపోతుంది, ఫేస్‌బుక్ పేజీ కూడా అయిపోతుంది, ఎడిటర్ ఎవరు అన్నది మాత్రం తేలదు, ఎందుకంటే నలుగురూ ఫ్రెండ్సే కాబట్టి ఎవరూ ఎవరికీ 'ఇది బాలేదు' అని చెప్పలేరు.

ప్రతిదీ రెండు భాషల్లో అనే ప్లాన్ మేమూ వేసాం. మొదటి సంచికకి పన్నెండు రచనలొచ్చాయి, పన్నెండూ అనువాదం చెయ్యాలి, చేసేది ముగ్గురం, ముగ్గురికీ పగలు ఉద్యోగాలు. అయిదు వారాలు రాత్రిళ్ళు కూర్చుని చేసాక చూస్తే తెలుగులో చక్కగా ఉన్న కథ ఇంగ్లీషులోకొచ్చేసరికి ఆఫీసు మెయిల్‌లా తయారైంది, ఒకమ్మాయి రాసిన మంచి ఇంగ్లీషు కవితేమో తెలుగులో మున్సిపాలిటీ వాళ్ళ నోటీసులా ఉంది. పిల్లలు చదువుతారు అనుకున్నాం కదా, మా అబ్బాయి ఒక పేరా చదివి 'ఎవరూ ఇలా మాట్లాడరమ్మా' అని ఫోన్ నా చేతికిచ్చి వెళ్ళిపోయాడు.

తర్వాత నాకు అర్థమైంది ఏంటంటే, రెండు పక్కలా చదివేవాళ్ళు ఇద్దరే ఇద్దరు, ఒకరు రాసినాయన, రెండు అనువాదం చేసినావిడ. తెనాలిలో ఫోన్ పట్టుకుని చదివే పెద్దమ్మ ఇంగ్లీషు పక్కకి రాదు, ఎడిసన్‌లో కాలేజీ పిల్ల తెలుగు పక్కకి రాదు. అంటే మీరు పెట్టబోయేది ఒక పత్రిక కాదు, ఒకే కప్పు కింద రెండు వంటిళ్ళు. దేనికి దానికి వంటావిడ ఉండాలి. తెలుగుకి ఒక ఎడిటర్, ఇంగ్లీషుకి ఒక ఎడిటర్, తన భాషలో వచ్చిందాన్ని వద్దనే హక్కు ఆ ఎడిటర్‌దే, రెండోవాళ్ళు 'ఆయన మనకి బాగా కావాల్సినవాడు' అని వేలు పెట్టకూడదు. మాకు తెలుగు చూసేవాళ్ళు ముగ్గురున్నారు, ఇంగ్లీషు చూసేవాళ్ళు లేరు. దాంతో ఏమైంది, తెలిసినవాళ్ళ పిల్లలు ఏం పంపినా 'పాపం చిన్నపిల్లలు' అని వేసేసాం, ఏడాది తిరిగేసరికి ఇంగ్లీషు పేజీలు పుట్టినరోజు ఆల్బంలా అయిపోయాయి. నిజంగా బాగా రాసే పిల్లలు అది చూసి మా దగ్గరికి రావడం మానేసారు.

మూలం, అనువాదం రెండూ వేసి బాగా నడుపుతున్న పత్రికలు లేవా అంటే ఉన్నాయి. 2011లో మొదలైన ఆసింప్టోట్ ఉంది, అనువాదంతో పాటు మూలం కూడా పెడతారు, రచయిత గొంతులో ఆడియో కూడా వినొచ్చు, కానీ వాళ్ళకి ఖండానికి కొందరు చొప్పున ఎడిటర్లున్నారు, మీరు నలుగురు. దానికి పూర్తిగా వేరే దారి రోమ్‌లో 1948 నుంచి 1960 దాకా వచ్చిన బొత్తేగె ఆస్కూరే. అక్కడ స్థిరపడిన మార్గరీట్ కాయెతాని అనే అమెరికన్ ఆవిడ నడిపింది. ఇటాలియన్‌లో రాసింది ఇటాలియన్‌లో, ఇంగ్లీషుది ఇంగ్లీషులో, ఫ్రెంచిది ఫ్రెంచిలో అలాగే వేసేవాళ్ళు. మీకు ఇదే నయం. సంచికకి నాలుగు తెలుగువి, మూడు ఇంగ్లీషువి, రెండు భాషల్లోనూ వేసేది ఒక్కటంటే ఒక్కటి, దాని మీద రెండు నెలలు కూర్చోండి. నెలనెలా అని మాత్రం ప్రకటించకండి. రెండు సంచికలు చేతిలో రెడీగా ఉన్నాకే మొదటిది వదలండి.

ప్రశ్న: దేశం కాని దేశంలో ఉండి ఇలా రెండేసి భాషల్లో పత్రికలు నడపడం ఇంటర్నెట్ వచ్చాక పుట్టిన సరదానా, పూర్వం కూడా ఉందా? మనవాళ్ళెవరైనా చేసారా?
రిటైర్డ్ లెక్చరర్, గుంటూరు

సరదా ఏంటి మాస్టారూ, ఉరికంబం దాకా వెళ్ళినవాళ్ళున్నారు. 1913 నవంబర్ 1న శాన్‌ఫ్రాన్సిస్కోలో బ్రిటిష్ పాలన మీద తిరగబడమని చెప్పే గదర్ పత్రిక ముందు ఉర్దూలో వచ్చింది, కొద్ది వారాల్లోనే పంజాబీలో కూడా మొదలైంది. రాజకీయ పత్రికే, కానీ అందులో పాటలూ పద్యాలూ బోలెడు, కాలిఫోర్నియా పొలాల్లో పనిచేసే కూలీలు అవి కంఠతా పట్టేవాళ్ళు. ఆ రోజుల్లో అక్కడ చదువుకుంటూ గదర్ పార్టీలో పనిచేసిన మన తెలుగాయన దరిశి చెంచయ్య గారు. సాహిత్య పత్రికలే కావాలంటే పోలండ్ వాళ్ళ కుల్తూరా ఉంది, 1947లో రోమ్‌లో మొదలై పారిస్ దగ్గరికి మారి 2000 దాకా వచ్చింది, ఎడిటర్ యెజి గెద్రోయిచ్ పోయాక ఆగింది, ఆయన అలా ఆపమనే చెప్పాడట. చైనా కవులది జింతియాన్, అంటే 'ఈరోజు' అని, బీజింగ్‌లో 1978లో మొదలైతే 1980లో ప్రభుత్వం ఆపించింది, పదేళ్ళ తర్వాత 1990లో బెయి దావో వాళ్ళు ఓస్లోలో మళ్ళీ మొదలెట్టారు.

వీటిలో ఎక్కువ ఒకే భాషవి, నిజమే. వాళ్ళు పక్కింటివాళ్ళ కోసం రాయలేదు, వెనక వదిలొచ్చిన ఊరివాళ్ళ కోసం రాసారు. మనకలాంటి బలవంతం లేదు, వెళ్ళగొట్టినవాళ్ళూ లేరు, మనంతట మనమే వీసా స్టాంపింగ్ కోసం చెన్నైలో లైను కట్టి వెళ్ళాం. అందుకే మన పత్రికల్లో కోపం తక్కువ, బెంగ ఎక్కువ, ఆవకాయ మీద కవితలు మరీ ఎక్కువ.

అమెరికాలో తెలుగు పత్రికలు మొదట్లో చేతిరాతవే, కాపీలు తీసి పోస్టులో పంచేవాళ్ళు. కంప్యూటర్లొచ్చాక తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో టైప్ చేసే పద్ధతి ఒకటి హ్యూస్టన్ రైస్ యూనివర్సిటీలో మన కుర్రాళ్ళు తయారుచేసారు, ఆర్‌టీఎస్ అంటారు, ఇప్పుడు చాలామంది ఫోన్లో తెలుగు కొట్టేది దాని దాయాదులతోనే. ఈమాట 1998లో మొదలైంది, ఇంకా వస్తోంది, అంతకాలం ఆగకుండా రావడం అచ్చు పత్రికల్లోనే అరుదు. కిరణ్ ప్రభ గారి కౌముది 2007 నుంచి. ఇవి ప్రధానంగా తెలుగువి. రెండో భాష సంగతికొస్తే, నిడదవోలు మాలతి గారు 2001లో అమెరికాలో కూర్చుని తూలిక అని సైట్ పెట్టి తెలుగు కథల్ని ఇంగ్లీషులోకి తేవడం మొదలెట్టారు, ఒక్క మనిషి అంత పని ఎలా చేసిందా అని నాకిప్పటికీ ఆశ్చర్యమే. 2019లో కాలిఫోర్నియా నుంచి కె. గీత గారు మొదలెట్టిన నెచ్చెలిలో తెలుగుతో పాటు ఇంగ్లీషు విభాగం కూడా ఉంది.

ప్రశ్న: (ఈ అమ్మాయి ఇంగ్లీషులో రాసింది, తెలుగులో నేను పెట్టా.) ఆంటీ, నాకు పంతొమ్మిదేళ్ళు. తెలుగు మాట్లాడతా, చదవడం రాదు. మా అమ్మమ్మ మీద ఇంగ్లీషులో కథ రాసా. అందులో తెలుగు మాటలు వాలు అక్షరాల్లో పెట్టాలా, చివర అర్థాల పట్టిక ఇవ్వాలా? అసలు ఇది తెలుగు కథేనా?
ఎడిసన్, న్యూజెర్సీ

ముందు ఈ జవాబు మీ అమ్మ చేత చదివించుకో, ఆవిడకీ పని చెప్పినట్టుంటుంది.

తెలుగు కథా కాదా అన్న గొడవ ప్రొఫెసర్లకి వదిలెయ్. కథ జతచేసావు కాబట్టి చదివా, బావుంది, అందుకే కొంచెం చెయ్యి చేసుకుంటా. మీ అమ్మమ్మ ఇంట్లో పెళ్ళి సీన్‌లో నలుగురు ఆడవాళ్ళు అరిసెలు వత్తుతున్నారు, నలుగురికీ ఇంగ్లీషులో 'సిస్టర్ ఇన్ లా' అనే పెట్టావు. ఒకావిడ వదిన, ఒకావిడ మరదలు, ఒకావిడ ఆడపడుచు, ఇంకొకావిడ తోడికోడలు! మరదల్ని ఆటపట్టించొచ్చు, వదినతో జాగ్రత్తగా మాట్లాడాలి, ఆడపడుచు దగ్గర నోరు జారితే మూడు తరాలు గుర్తుంటుంది, తోడికోడళ్ళ సంగతి మీ అమ్మనడుగు. ఆ వంటింట్లో ఎవరు ఎవర్ని చూసి ఎందుకు నవ్వారో తెలిసేది ఆ మాటల వల్లే, నువ్వవి తీసేస్తే నలుగురూ ఒకే మనిషి అయిపోయారు. తెలుగు మాటలే ఉంచు. మొదటిసారి వచ్చినప్పుడు ఆవిడ ఎవరి భార్యో ఎవరి చెల్లెలో పక్కనే ఒక పనిలో తెలిసేలా చెయ్యి, చాలు. పట్టిక వద్దు, కథ మధ్యలో లేచి డిక్షనరీ తేవడానికి ఎవరూ వెళ్ళరు.

వాలు అక్షరాలు కూడా వద్దనే నేనంటా. మీ ఇంట్లో 'అమ్మమ్మా' అని పిలిచేటప్పుడు నీ గొంతేమన్నా మారుతుందా? మారదు కదా, మరి కాగితం మీద ఎందుకు మారాలి. కొన్ని పత్రికలకి అది నియమం, పెట్టి తీరాలంటారు, అడిగి చూడు, ఒప్పుకోకపోతే చిన్న విషయం, దానికోసం కథ వెనక్కి తీసుకోకు. కానీ స్పెల్లింగ్ ఒకటి పెట్టుకో. అమ్మమ్మని రెండో పేజీలో ఒక 'ఎం'తో, నాలుగో పేజీలో రెండు 'ఎం'లతో రాసావు, ఇంగ్లీషు పాఠకుడు ఇద్దరు ముసలమ్మలున్నారనుకుంటాడు.

ఇంకోటి. అమ్మమ్మ నీ స్టీల్ బాటిల్లో నీళ్ళు తాగనంటుంది, అక్కడ నువ్వు లాలాజలం అనే ఆసుపత్రి మాట పెట్టావు. ఎంగిలి అంటే లాలాజలం కాదమ్మా. ప్రేమగా ఒకే కంచంలో తినడంలో ఎంగిలి ఉంది, దేవుడికి పెట్టేముందు రుచి చూడకూడదనడంలో ఉంది, ఒకప్పుడు ఎవరి గ్లాసు ఎవరు ముట్టుకోకూడదో అన్నదాంట్లో కూడా ఉంది, అది అంత మంచి ముచ్చట కాదు. ఇంగ్లీషులో దానికి ఒక్క మాట దొరకదు. ఆవిడ బాటిల్ని మూతికి తగలకుండా ఎత్తిపోసుకుని గటగటా తాగడం చూపించు, ఆ తర్వాత 'ఎంగిలి' అని అనిపించు, అప్పుడా మాటని ఎవరూ అనువాదం చెయ్యక్కర్లేదు.

ఆవిడ అనకాపల్లి యాసని ఇంగ్లీషులో ఇంకో పల్లెటూరి యాసగా మార్చడానికి చూసావు ఒకచోట. అది తీసెయ్. ఇంగ్లండ్ పాలేరులా మాట్లాడే అమ్మమ్మ నాకొద్దు. ఇంగ్లీషు మామూలుగానే ఉంచి ఆవిడ మాటల వరస, ఆవిడ ఎక్కడ ఆగుతుందో అది పట్టుకో. అక్షరాలు నేర్చుకోవడం కూడా పెద్ద పనేం కాదు, గుణింతాలతో సహా రెండు నెలలు, ఈ సమ్మర్లో మొదలెట్టు.

ప్రశ్న: నేను ఇరవై ఏళ్ళుగా డీటీపీ చేస్తున్నాను, కథలు కూడా రాస్తాను. అమెరికాలో ఒక నెట్ పత్రికకి నా కథ అను ఫాంట్లో పేజ్‌మేకర్ ఫైల్ పంపితే 'చదవలేకపోతున్నాం' అని తిప్పి పంపారు. ప్రింటింగ్ ప్రెస్ వాళ్ళందరూ తీసుకుంటారు, వీళ్ళకేం రోగం?
చిక్కడపల్లి, హైదరాబాద్

రోగం వాళ్ళది కాదండీ, ఫాంటుది. అను లాంటి పాత ఫాంట్లలో మీరు కొట్టేది కంప్యూటర్ దృష్టిలో తెలుగు కాదు, ఇంగ్లీషు అక్షరాల కోడ్‌లకి తెలుగు బొమ్మలు తొడిగారు, ఆ ఫాంటు లేని చోట బొమ్మ ఊడిపోయి పిచ్చిగీతలు కనపడతాయి. యూనికోడ్‌లో ప్రతి లిపికీ విడిగా కోడ్‌లుంటాయి, తెలుగుకీ సొంత ఇల్లుంది, అందులో 'క' ఏ దేశంలో ఏ ఫోన్లో చూసినా 'క'నే. కన్వర్టర్లు దొరుకుతాయి, మార్చుకోండి, కానీ మార్చాక మొత్తం చదవాలి, ముఖ్యంగా ఒత్తులూ, క్షలూ, అంకెలూ. కన్వర్టర్‌ని నమ్మి చదవకుండా వేసేస్తే ఏమవుతుందో ఒకాయన విషాద కథ మా పత్రికలో హాస్య కథ అయినప్పుడు చూసా.

పత్రిక పెట్టేవాళ్ళకి కూడా ఇక్కడే చెప్పేస్తా. 'ఫేస్‌బుక్' అని కొట్టినప్పుడు స్‌కీ బుకీ మధ్య కనపడని అక్షరం ఒకటి పెట్టాలి, జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు, అది లేకపోతే 'ఫేస్బుక్' అయ్యి బు వెళ్ళి స కింద ఒత్తుగా కూర్చుంటుంది, 'సాఫ్ట్‌వేర్' అన్న మాటకీ అదే కష్టం. మన కథల్లో సగం మాటలు ఇవే కదా. ఇంగ్లీషుకి సరిపోయే లైన్ల ఎడం తెలుగుకి చాలదు, పై లైను ఒత్తులు కింది లైను గుడుల్ని గుద్దుకుంటాయి, కాబట్టి రెండు భాషలకీ వేరే వేరే సెట్టింగ్ పెట్టండి. ఏ పేరా తెలుగో ఏ పేరా ఇంగ్లీషో కోడ్‌లో కూడా గుర్తు పెట్టించండి, చూపులేనివాళ్ళకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌లు దాన్ని బట్టే గొంతు మారుస్తాయి. ఫాంట్లకి డబ్బులక్కర్లేదు, సిలికానాంధ్ర వాళ్ళ చొరవతో వచ్చిన మండలి, రామభద్ర, సూరన్న లాంటివి ఫ్రీగానే ఉన్నాయి. కథకి మాత్రం మండలి వాడండి, రామభద్ర హెడ్డింగులకే బావుంటుంది.

ప్రశ్న: అక్కా, నాది జగిత్యాల దగ్గర ఊరు. పద్నాలుగేండ్ల సంది దుబాయ్‌ల డ్రైవర్ పని జేస్తున్న. రాత్రి రూంల పండుకునే ముందు ఫోన్‌ల రాసుకుంట, ఇప్పటికి నలభై దాక కథలైనయ్. ఈ ప్రవాస రచయితల పత్రికలల్ల మా అసొంటోళ్ళయి ఏస్తరా? నాకు ఇంగ్లీషు రాదు, హిందీ మంచిగొస్తది, అరబ్బీ కొంచెం.
దుబాయ్

తమ్ముడూ, నీ ఉత్తరం చదివి కాసేపు సిగ్గేసింది, నిజం చెప్తున్నా. మా పత్రికలో ఆరేళ్ళలో గల్ఫ్ నుంచి మేం వేసినవి రెండు. ఒకటి ఇంజనీరు గారిది. మేం కావాలని వద్దనుకోలేదు, అసలు ఆ వైపు చూడనే లేదు. అమెరికా వెళ్ళినవాడు ప్రవాసి, గల్ఫ్ వెళ్ళినవాడు వలస కూలీ అని తెలుగులోనే రెండు మాటలు పెట్టుకున్నాం, ఇంగ్లీషులో కూడా ఇదే తంతు, ఒకరు ఎక్స్‌పాట్, ఇంకొకరు లేబర్. పేరులోనే గేటు పెట్టి తర్వాత రచనలు రాలేదేంటబ్బా అంటే ఎక్కణ్ణించి వస్తాయి.

నువ్వు పంపిన కథల్లో ఆ కల్లివెల్లి కథ నాకు బాగా నచ్చింది. తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా, కఫీల్, అంటే వీసా ఇప్పించిన యజమాని, దగ్గర్నించి తప్పించుకుని కాగితాలు లేకుండా బయట పనిచేసుకునేవాణ్ణి గల్ఫ్‌లో మనవాళ్ళు కల్లివెల్లి అంటారు, అరబ్బీ నుంచి వచ్చిందే, 'పోతే పోనీ' లాంటి మాట. ఇంగ్లీషులో దీన్ని 'పరారైన కార్మికుడు' అని తిప్పితే పోలీస్ రిపోర్ట్ అవుతుంది, అందులో ఉన్న తెగింపు, నవ్వు రెండూ పోతాయి. కాబట్టి నీ యాస దిద్దకు, ఎవరన్నా దిద్దుతామంటే ఒప్పుకోకు. 'పండుకునే ముందు'ని 'నిద్రించుటకు పూర్వం' చేసే ఎడిటర్లు ఇంకా బతికే ఉన్నారు.

రెండు భాషలంటే తెలుగూ ఇంగ్లీషే అని ఎవరు రాసిపెట్టారు? నీ రూంలో తెలుగు, హిందీ, ఉర్దూ, మలయాళం ఉన్నాయి, నీ కథ హిందీలోకెళ్తే మీ రూం వాళ్ళే మొదటి పాఠకులు. నువ్వే హిందీలో చెప్పి రికార్డ్ చేసి, రాయడం బాగా వచ్చినవాళ్ళ చేత రాయించు, తర్వాత ఇద్దరూ కూర్చుని చూసుకోండి. బెర్లిన్‌లో 2017 నుంచి నడుస్తున్న వైటర్ ష్రైబెన్ అనే పత్రిక దాదాపు ఇదే చేస్తోంది, ఆ పేరుకి 'రాస్తూనే ఉండు' అని అర్థం. యుద్ధాలు జరిగే దేశాల నుంచి వచ్చిన రచయితకి జర్మన్ రచయితని జోడీ కడతారు, మూలభాషలోనూ జర్మన్‌లోనూ వేస్తారు. షార్జా బుక్ ఫెయిర్ 1982 నుంచి జరుగుతోంది, నవంబర్‌లో ఒక్క శుక్రవారం వెళ్ళి చూడు, మలయాళీ స్టాళ్ళ దగ్గర ఎంత జనం ఉంటారో. వాళ్ళలో కూడా డ్రైవర్లున్నారు, వంటవాళ్ళున్నారు, పుస్తకాలేసుకుంటున్నారు. నలభైలో బాగా నచ్చిన మూడు తీసి ఒకేసారి కాకుండా ఒక్కోటి ఒక్కో పత్రికకి పంపు. మెయిల్లో 'నేను పెద్దగా చదువుకోలేదు' అని మొదలెట్టకు, ఆ లైను అక్కర్లేదు.

ప్రశ్న: నా కథని అడగకుండా ఒక విదేశీ తెలుగు పత్రిక వాళ్ళు ఇంగ్లీషులోకి అనువదించి వేసుకున్నారు, తర్వాత సంకలనంలో కూడా వేసారు. అడిగితే 'మీకు పేరు తెచ్చాం కదా' అంటున్నారు. నేనిప్పుడేం చెయ్యాలి?
కాకినాడ

పేరు తేవడం వేరు, అనుమతి తీసుకోవడం వేరు. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం అనువాదం చేసే హక్కు కూడా రచయితదే, బతికున్నంత కాలం, పోయాక మరో 60 ఏళ్ళు వారసులది. హక్కు ఎవరికైనా ఇస్తే అది రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి, ఫోన్లో 'సరే కానివ్వండి' అన్నది లెక్కలోకి రాదు. ఆ కాగితంలో గడువు రాయకపోతే అయిదేళ్ళు అనుకోవాలి, ఏ దేశానికో రాయకపోతే ఇండియా వరకే అనుకోవాలి, ఇది చాలామందికి తెలీదు. మరోవైపు అనువాదం చేసినావిడ పడ్డ కష్టం కూడా ఉంటుంది, ఆ అనువాదం మీద ఆవిడకీ హక్కుంటుంది, కాబట్టి మీ దగ్గర అనుమతి తీసుకున్నా సరే, ఆ ఇంగ్లీషు పాఠాన్ని ఆవిడకి చెప్పకుండా మీరు ఇంకోచోట వేసుకోకూడదు.

కోర్టు కంటే ముందు మర్యాదగా మెయిల్ రాయండి. ఏ కథ, ఏ తేదీన, ఎక్కడ వేసారో రాసి, సైట్లో మీ పేరు, 'అనుమతితో' అన్న మాట పెట్టడమో, లేకపోతే తీసెయ్యడమో ఏదో ఒకటి చెయ్యమనండి. సంకలనానికి విడిగా అడగండి, డబ్బుకి అమ్మారు కాబట్టి ఎంతో కొంత ఇవ్వమనడంలో తప్పేం లేదు. చాలా కేసుల్లో ఇది దొంగతనం కాదు, బద్ధకం. అయినా బద్ధకానికి కూడా బిల్లు కట్టించాలి. కథ మళ్ళీ ఎక్కడికి పంపినా 'మొదటి ప్రచురణ హక్కు మాత్రమే' అని ఒక లైను రాయడం అలవాటు చేసుకోండి.

ప్రశ్న: నేను హెచ్4 వీసా మీద ఉన్నాను. పత్రికలో రాస్తే పారితోషికం తీసుకోవచ్చా?
పేరు వద్దన్నారు, ఒహాయో

ఈఏడీ కార్డు, అంటే పని చేసుకోవడానికి అనుమతి, ఉంటే సరే, 2015 నుంచి కొందరు హెచ్4 వాళ్ళకి ఇస్తున్నారు. లేకపోతే డబ్బు మాట ఎత్తే ముందు ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని అడగండి, నన్ను కాదు. మన పత్రికలు ఇచ్చే పారితోషికానికి లాయర్ ఫీజు ఎక్కువవుతుంది, అది వేరే సంగతి.

ప్రశ్న: ఐఎస్‌ఎస్‌ఎన్ నంబర్ ఉంటేనే అసలైన పత్రికా? దానికెంత ఖర్చవుతుంది?
మెల్‌బోర్న్

ఏ పత్రిక ఏదో గుర్తుపట్టడానికి ఇచ్చే ఎనిమిది అంకెల నంబరు అది, బండికి నంబర్ ప్లేట్ లాంటిది, ప్లేటు ఉన్నంత మాత్రాన డ్రైవింగ్ వచ్చినట్టు కాదు. ఇండియాలో గానీ అమెరికాలో గానీ ఫ్రీగానే ఇస్తారు, అమెరికాలో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్ళు చూస్తారు, కాబట్టి 'ఇప్పిస్తాం, ఇంత ఇవ్వండి' అనేవాళ్ళని నమ్మకండి. అచ్చుదానికి ఒకటి, ఆన్‌లైన్‌కి ఇంకొకటి. ఒకే పత్రికలో రెండు భాషలుంటే ఒక నంబరు చాలు, తెలుగు ఎడిషన్ ఇంగ్లీషు ఎడిషన్ అని విడగొడితే దేనిది దానికే. పెట్టుకోండి, మంచిదే, లైబ్రరీ కేటలాగుల్లో దొరుకుతారు. ఒకటే నష్టం, నంబరు కనపడగానే ప్రమోషన్ పాయింట్ల కోసం లెక్చరర్ల దగ్గర్నించి పరిశోధనా వ్యాసాలు వరదలా వస్తాయి.

ప్రశ్న: సంక్రాంతికి కథ పంపాను, దసరా వచ్చింది, ఉలుకూ పలుకూ లేదు. ఈలోపు ఫేస్‌బుక్‌లో పెట్టుకుంటే తప్పా?
ఖమ్మం

పెట్టారో, చాలా పత్రికలు దాన్ని 'ఇప్పటికే ప్రచురితం' కింద లెక్కేస్తాయి, ఆగండి. మూడు నెలలు చూసి ఒక మెయిల్, ఇంకో రెండు వారాలు చూసి 'వెనక్కి తీసుకుంటున్నా' అని ఇంకో మెయిల్, తర్వాత హాయిగా వేరేచోటికి పంపండి. జీతాలు లేకుండా చేసేవాళ్ళు, ఆలస్యం అవుతుంది, ఒప్పుకుంటా, జవాబే ఇవ్వకపోవడం మాత్రం ఒప్పుకోను. ఈమాటలో రచయిత పేరు తీసేసి సమీక్షకులకి పంపే పద్ధతి ఉంది, దానికి టైం పడుతుంది కానీ పెద్దాయన, చిన్నాయన అనే మొహమాటం ఉండదు.

అటు నుంచి కూడా ఒక మాట. ఎడిటర్ మార్పులు అడిగితే మనకి చచ్చేంత అవమానం. ఒక రిటైర్డ్ పెద్దమనిషిని, రెండు పేజీలు తగ్గిస్తారా సార్ అని ఎంతో మర్యాదగా అడిగా. ఆయన కథ వెనక్కి తీసుకుని ఏదో సంఘం సావనీర్‌లో వేయించుకుని, ఆ సావనీర్ నాకు రిజిస్టర్డ్ పోస్టులో పంపారు. ఆ రెండు పేజీల దగ్గర కాగితం మడతపెట్టి మరీ.

ప్రశ్న: మీ పత్రిక ఎందుకు ఆగిపోయింది? పాత సంచికలు ఎక్కడ దొరుకుతాయి? మా అక్కయ్య కవిత ఒకటి మీ దగ్గర వచ్చింది, ఆవిడ ఇప్పుడు లేరు.
సింగపూర్

ఇది చివర్లో పెట్టింది కావాలనే, రాయబుద్ధి కాక. గొడవలేం జరగలేదు, ఒకరికి ఇద్దరు పిల్లలు పుట్టారు, ఒకరు ఉద్యోగం మారి ఇంకో ఊరెళ్ళారు, నేను మా అత్తగారికి బాలేక విజయవాడ వచ్చేసా. ఆరు నెలలు సంచిక రాలేదు, తర్వాత ఏడాది రాలేదు. పత్రిక ఆగితే ఆగింది, సైట్ ఉంటుందిలే అనుకున్నాం. డొమైన్ ఒకాయన పేరు మీద, ఆయన పాత ఆఫీసు మెయిల్‌తో ఉంది, ఆ ఆఫీసు ఆయన ఎప్పుడో వదిలేసారు, క్రెడిట్ కార్డు గడువైపోయింది, రెన్యూ చెయ్యమని వచ్చిన హెచ్చరికలన్నీ ఎవరూ తెరవని పెట్టెలోకి వెళ్ళాయి. మాకు తెలిసేసరికి అడ్రస్ ఇంకెవరో కొనుక్కున్నారు. ఇప్పుడది కొడితే పరుపుల యాడ్ వస్తుంది.

కొత్తగా పెట్టేవాళ్ళు డొమైన్‌ని ఇద్దరి మెయిళ్ళకి ముడిపెట్టండి, ఒక్కసారే అయిదేళ్ళకో పదేళ్ళకో కట్టెయ్యండి, ప్రతి సంచికా పీడీఎఫ్ తీసి రచయితలందరికీ పంపండి, పాత వెబ్ పేజీలు దాచిపెట్టే ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్ళ వేబ్యాక్ మెషీన్‌లో ఆ రోజే సేవ్ చేయించండి, అరగంట పని.

మావి వేబ్యాక్‌లో కొన్ని దొరికాయి, కొన్ని నా పాత లాప్‌టాప్‌లో దొరికాయి. మీ అక్కయ్య గారి కవిత ఉంది, తెలుగుదీ ఇంగ్లీషుదీ రెండూ, మూడో సంచికలోది, మీ మెయిల్‌కి పంపా, చూసుకోండి. దొరకంది నాలుగో సంచిక ఒక్కటే. ఆకుపచ్చ ముఖచిత్రం, పడవ బొమ్మ. చదివేవాళ్ళలో ఎవరి కంప్యూటర్లోనైనా ఉంటే ఈ పత్రిక ఆఫీసుకి పంపండి, వాళ్ళు నాకు అందిస్తారు.